మ్హాడా లాటరీ: అదృష్టానికి ముందు పత్రాలు, తర్వాత డబ్బు

ముంబైలో 2,030 ఇళ్లకు 2024 అక్టోబరు 8న లాటరీ తీశారు. ఆ ఇళ్ల కోసం లక్షా 13 వేలకు పైగా దరఖాస్తులు పోటీపడ్డాయి. అంటే ఒక్కో ఇంటికి సగటున 55 మందికి పైగా ఆశపడ్డారన్నమాట. అంతకుముందు ఏడాది, 2023 ఆగస్టు 14న, 4,082 ఇళ్లకు సుమారు లక్షా 20 వేల దరఖాస్తులు వచ్చాయి. దేశ ఆర్థిక రాజధానిలో సొంత ఇంటి కల కనే సామాన్య కుటుంబాలకు మహారాష్ట్ర గృహనిర్మాణ, ప్రాంత అభివృద్ధి సంస్థ నిర్వహించే ఈ లాటరీ ఒక పెద్ద ఆధారం. జనం నోట ఈ సంస్థ పేరు ‘మ్హాడా’.

లాటరీ అనగానే అంతా అదృష్టం మీదే ఆధారపడుతుందన్న భావన కలుగుతుంది. ఈ ప్రక్రియలో అదృష్టానికి ఉన్న చోటు నిజానికి కొద్ది నిమిషాలే. డ్రాకు ముందు పత్రాల పరీక్ష, డ్రా తర్వాత డబ్బు పరీక్ష ఉంటాయి. తక్కువ ఆదాయం గల కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఈ రెండు చోట్లే.

గెలిచినవారికి దక్కేది ఏమిటి?

తెలుగు రాష్ట్రాల పాఠకులు మొదట గమనించవలసిన తేడా ఒకటుంది. తెలంగాణలో రెండు పడక గదుల ఇళ్ల పథకం కింద 560 చదరపు అడుగుల ఇల్లు లబ్ధిదారుకు ఉచితంగా దక్కింది. 2023లో హైదరాబాద్‌లో కంప్యూటర్ డ్రా ద్వారా ఎంపికైన కుటుంబాలు ధర చెల్లించవలసిన అవసరం రాలేదు. మ్హాడా లాటరీ అటువంటిది కాదు. ఇందులో గెలిచినవారికి దక్కేది ఇల్లు కొనుక్కునే హక్కు మాత్రమే. సంస్థ నిర్ణయించిన ధరను గడువులోగా చెల్లించినవారికే తాళంచెవి అందుతుంది. ధర బయటి మార్కెట్ కంటే తక్కువగా ఉంటుంది కానీ, ముంబైలో ‘తక్కువ’ అన్న మాటకు కూడా లక్షల్లోనే లెక్క.

ఎవరు దరఖాస్తు చేయవచ్చు?

దరఖాస్తుదారుకు 18 ఏళ్లు నిండి ఉండాలి. మహారాష్ట్ర స్థిర నివాసి అయి ఉండాలి. వార్షిక ఆదాయాన్ని బట్టి నాలుగు వర్గాలు ఉన్నాయి. ముంబై మహానగర ప్రాంతంలో ఏడాదికి 6 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్నవారు ఆర్థికంగా బలహీన వర్గం కిందికి వస్తారు. 6 నుంచి 9 లక్షల వరకు అల్పాదాయ వర్గం, 9 నుంచి 12 లక్షల వరకు మధ్యాదాయ వర్గం, ఆపైన అధికాదాయ వర్గం. ఇక్కడ ఆదాయం అంటే దరఖాస్తుదారు సంపాదన ఒక్కటే కాదు. భార్యాభర్తలిద్దరి ఆదాయాన్ని కలిపి లెక్కిస్తారు. తక్కువ ఆదాయ వర్గంవారు పై వర్గానికి కేటాయించిన ఇంటికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎక్కువ ఆదాయం ఉన్నవారు కింది వర్గానికి కేటాయించిన ఇంటికి పోటీ పడకూడదు.

వర్గాల వారీగా ఇళ్ల సంఖ్య ఏటా ఒకేలా ఉండదు. 2023 లాటరీలో 4,082 ఇళ్లకు గాను 2,790 ఇళ్లు ఆర్థికంగా బలహీన వర్గానికి దక్కాయి. 2024లో 2,030 ఇళ్లలో ఆ వర్గానికి లభించినవి 359 మాత్రమే. ఆ ఏడాది మధ్యాదాయ వర్గానికి 768 ఇళ్లు కేటాయించారు. అందువల్ల మొత్తం ఇళ్ల సంఖ్య చూసి ఆశ పెంచుకోవడం కంటే, తమ వర్గానికి ఎన్ని ఇళ్లున్నాయో చూసుకోవడం ముఖ్యం.

పత్రాల పరీక్ష ముందే

పూర్వం లాటరీలో పేరు వచ్చిన తర్వాత పత్రాలు పరిశీలించేవారు. గెలిచినవారు కూడా నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి, చివరకు అనర్హులుగా తేలిన సందర్భాలు ఉండేవి. 2023లో కొత్త సాఫ్ట్‌వేర్ అమల్లోకి వచ్చాక ఈ వరుస మారింది. ఇప్పుడు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, పత్రాలు అప్‌లోడ్ చేయాలి. అవి సరైనవని తేలినవారే డ్రాకు అర్హులవుతారు.

ఆధార్, పాన్ కార్డులు చాలామంది వద్ద ఉంటాయి. చిక్కు వచ్చేది స్థిర నివాస ధ్రువపత్రం దగ్గర, ఆదాయ ధ్రువపత్రం దగ్గర. స్థిర నివాస పత్రం ఇటీవలి సంవత్సరాల్లో జారీ అయి, బార్‌కోడ్ కలిగి ఉండాలి. ఎప్పుడో తీసుకుని పెట్టెలో దాచుకున్న పాత కాగితం చెల్లదు. ఆ పత్రం పొందడానికి మహారాష్ట్రలో 15 ఏళ్ల నివాసాన్ని రుజువు చేయాలి. అద్దె ఒప్పందం కూడా లేకుండా మురికివాడల్లో, చాల్‌లలో ఏళ్ల తరబడి గడిపిన కుటుంబాలకు ఈ రుజువు సమకూర్చడం తేలిక కాదు. పిల్లల పాఠశాల ధ్రువపత్రాలు, రేషన్ కార్డు, విద్యుత్ బిల్లులు ఇటువంటి చోట అక్కరకు వస్తాయి.

ఆదాయానికి రుజువుగా ఆదాయపు పన్ను రిటర్ను గానీ, తహసీల్దారు ఇచ్చిన ధ్రువపత్రం గానీ చూపాలి. ఇళ్లలో పని చేసేవారు, రోజుకూలీలు, వీధి వ్యాపారులు సాధారణంగా రిటర్నులు దాఖలు చేయరు. వారికి తహసీల్దారు పత్రమే దిక్కు. నోటిఫికేషన్ వెలువడిన తర్వాత ఈ పత్రానికి బయలుదేరితే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

ఊరి ఇల్లు, ఊరి కుల ధ్రువపత్రం

ముంబైలో స్థిరపడిన తెలుగువారు రెండు విషయాల్లో ప్రత్యేకించి జాగ్రత్త వహించాలి. మొదటిది సొంతూళ్లో ఉన్న ఇల్లు. సాధారణ మ్హాడా ఇళ్ల విషయంలో దరఖాస్తుదారుకు, జీవిత భాగస్వామికి, మైనరు పిల్లలకు ముంబై నగరపాలక సంస్థ పరిధిలో ఇల్లు ఉండకూడదు. కరీంనగర్‌లోనో నల్గొండలోనో ఉన్న ఇల్లు దానికి అడ్డు కాదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టిన ఇళ్లకు మాత్రం నిబంధన వేరు. దేశంలో ఎక్కడ పక్కా ఇల్లు ఉన్నా ఆ కుటుంబం అనర్హమే.

రెండవది కుల ధ్రువపత్రం. లాటరీలో 11 శాతం ఇళ్లు షెడ్యూల్డు కులాలకు, 6 శాతం షెడ్యూల్డు తెగలకు కేటాయిస్తారు. అయితే ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీగా గుర్తింపు పొందినవారు మరో రాష్ట్రానికి వలస వెళితే అక్కడి రిజర్వేషన్‌కు అర్హులు కారని సుప్రీంకోర్టు 1990లో స్పష్టం చేసింది. ఆ తీర్పు ఆంధ్రప్రదేశ్ నుంచి ముంబై వచ్చి వైద్య కళాశాలలో సీటు కోరిన ఒక విద్యార్థి కేసులోనే వెలువడింది. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో పొందిన కుల పత్రంతో రిజర్వుడు కోటాలో దరఖాస్తు చేసి అనర్హులు కావడం కంటే, మహారాష్ట్ర అధికారుల పత్రం లేనప్పుడు జనరల్ విభాగాన్ని ఎంచుకోవడమే క్షేమం.

డ్రా ఎలా జరుగుతుంది?

ప్రతి నివాస సముదాయానికీ ఒక సంకేత సంఖ్య ఉంటుంది. దరఖాస్తుదారు తాను కోరుకున్న సముదాయాన్ని, విభాగాన్ని ఎంచుకుని దరఖాస్తు రుసుము, ధరావతు చెల్లించాలి. ఇటీవలి ముంబై లాటరీల్లో ధరావతు ఆర్థికంగా బలహీన వర్గానికి 25 వేలు, అల్పాదాయ వర్గానికి 50 వేలు, మధ్యాదాయ వర్గానికి లక్ష రూపాయలుగా ఉంది. పేరు రానివారికి ఈ మొత్తం తిరిగి బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. దరఖాస్తు రుసుము మాత్రం తిరిగి రాదు.

డ్రాను కంప్యూటర్ ద్వారా, సముదాయాల వారీగా, విభాగాల వారీగా విడివిడిగా తీస్తారు. అందుకే సగటు లెక్క ఏ ఒక్కరికీ నేరుగా వర్తించదు. పేరున్న ప్రాంతంలోని నాలుగైదు ఇళ్లకు వేల దరఖాస్తులు పడితే, కాస్త దూరంగా ఉన్న సముదాయానికి పోటీ పలుచగా ఉండవచ్చు.

అసలు పరీక్ష డబ్బు దగ్గర

2023 లాటరీలో గోరేగావ్‌లోని పహాడీ ప్రాంతంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 1,900కు పైగా ఇళ్లు అమ్మకానికి వచ్చాయి. సబ్సిడీ పోగా ధర సుమారు 30 లక్షలు. ఆ పథకంలో ఆర్థికంగా బలహీన వర్గం ఆదాయ పరిమితి అప్పటివరకు ఏడాదికి 3 లక్షలే. లెక్క వేస్తే ఇబ్బంది ఎక్కడుందో తేలిగ్గా అర్థమవుతుంది. ధరలో 80 శాతం, అంటే 24 లక్షలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పుగా దొరికిందనుకుంటే నెలవారీ వాయిదా దాదాపు 20,800 రూపాయలు అవుతుంది. ఏడాదికి 3 లక్షల ఆదాయం ఉన్న కుటుంబం నెల సంపాదన 25 వేలు. వాయిదా కట్టాక మిగిలేది 4,200 రూపాయలు. ఇటువంటి కుటుంబానికి ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. ఈ కారణంగానే ముంబై ప్రాంతానికి ఆ పరిమితిని 2023లో 6 లక్షలకు పెంచారు.

పరిమితి పెరగడంతో ఇళ్లు కొనగలవారి సంఖ్య పెరిగింది. అదే సమయంలో 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారు అంతకు రెట్టింపు సంపాదించేవారితో ఒకే డ్రాలో పోటీ పడవలసి వచ్చింది. వారిలో ఎవరికైనా పేరు వచ్చినా అప్పు పుట్టడం గగనమే. 2024లోనూ ధరలపై విమర్శలు వచ్చాయి. దాంతో ప్రైవేటు బిల్డర్ల నుంచి మ్హాడా వాటాగా వచ్చిన 370 ఇళ్ల ధరలను వర్గాన్ని బట్టి 10 నుంచి 25 శాతం వరకు తగ్గించారు.

ఇంటి ధరతో ఖర్చు ముగిసిపోదు. బ్యాంకు అప్పు పోగా మిగిలిన మొత్తం, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు, నిర్వహణ రుసుము ముందుగానే చేతిలో ఉండాలి. పై ఉదాహరణలో కుటుంబం సొంతంగా సమకూర్చవలసింది 6 లక్షలు. పైగా మ్హాడా ఇంటిని కనీసం ఐదేళ్లు అమ్మడానికి వీలుండదు. అధిక వడ్డీకి బయట అప్పు తెచ్చి కొన్నవారు ఇబ్బంది వస్తే ఇల్లు అమ్మి బయటపడదామనుకున్నా కుదరదు.

మిల్లు కార్మికులకు వేరు లాటరీ

ముంబై వస్త్ర మిల్లుల్లో పని చేసినవారికి, వారి వారసులకు మ్హాడా వేరుగా లాటరీలు నిర్వహించింది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లిన ఎందరో పద్మశాలీలు ఆ మిల్లుల్లో మగ్గాలు నడిపారు. 1982 జనవరి 18న మొదలైన చరిత్రాత్మక సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిల్లు భూముల్లో ఒక వాటా మ్హాడాకు దక్కింది. అక్కడ కట్టిన ఇళ్లకు 2012లో తొలి లాటరీ జరిగింది. అందులో 6,925 ఇళ్లున్నాయి. 2020 మార్చి 1న మరో 3,894 ఇళ్లకు డ్రా తీశారు. వాటి ధర తొమ్మిదిన్నర లక్షలు. సాధారణ లాటరీ ఇళ్లతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

దరఖాస్తు చేసుకున్న కార్మికులు, వారసుల సంఖ్య మాత్రం లక్షన్నర దాటింది. మిల్లు గుర్తింపు కార్డు, ఈఎస్ఐ కార్డు, గ్రాట్యుటీ కాగితం వంటివి ఇక్కడ హక్కుకు ఆధారాలు. ఊరికి తిరిగి వచ్చేసిన కుటుంబాలు తాతతండ్రుల నాటి ఆ కాగితాలను భద్రపరచుకోవాలి. వారసత్వ పత్రం కూడా సిద్ధం చేసుకోవడం అవసరం.

దళారులకు చోటు లేదు

ఇళ్ల కేటాయింపు కోసం తాము ఏ ఏజెంటునూ నియమించలేదని మ్హాడా ప్రతి ప్రకటనలోనూ చెబుతోంది. 2024లో సంస్థ వెబ్‌సైట్‌ను పోలిన నకిలీ వెబ్‌సైట్ వెలుగుచూడటంతో పోలీసులకు ఫిర్యాదు చేసింది. రుసుము, ధరావతు అధికారిక వెబ్‌సైట్ లేదా యాప్ ద్వారానే చెల్లించాలి. డ్రాలో పేరు వచ్చేలా చూస్తామని డబ్బు అడిగేవారు మోసగాళ్లేనని గ్రహించాలి.

దరఖాస్తు చేయదలచినవారు నోటిఫికేషన్ కోసం వేచి ఉండకుండా నివాస, ఆదాయ పత్రాలను ముందే తీసుకోవడం మంచిది. ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లి తమ ఆదాయానికి ఎంత అప్పు వస్తుందో తెలుసుకోవాలి. ఆ మొత్తానికి చేతిలోని పొదుపును కలిపితే వచ్చేదే తమ స్తోమత. దానికి లోబడిన ధర ఉన్న సముదాయాన్నే ఎంచుకోవాలి. ప్రతి లాటరీకి ధరలు, గడువులు, నిబంధనలు మారుతుంటాయి. కనుక ఆయా లాటరీ సమాచార పుస్తకాన్ని పూర్తిగా చదివిన తర్వాతే ధరావతు చెల్లించాలి.