మాధవాయపాలెం బట్ట, లండన్ గిరాకీ: గోదావరి డెల్టాలో కొనుగోలు ఏజెంట్ల వ్యవస్థ

ఉపోద్ఘాతం

విదేశాలలో చౌకగా దొరికే డిజైనర్ తరహా దుస్తులను నేరుగా తెప్పించుకోలేని కొనుగోలుదారు, ఆ దేశంలోనే ఉన్న ఏజెంటును ఆశ్రయిస్తాడు. ఏజెంటు సరుకు కొని, గిడ్డంగిలో పరీక్షించి, కట్టకట్టి రవాణా చేస్తాడు. అందుకు రుసుము తీసుకుంటాడు. ఇంటర్నెట్‌తో పుట్టినట్లు కనిపించే ఈ పద్ధతి 17, 18 శతాబ్దాలలోనే గోదావరి డెల్టాలో అమలులో ఉంది. అయితే అప్పుడు కొనేవారు లండన్, ఆమ్‌స్టర్‌డామ్ నగరాలలో ఉండగా, నేసేవారు పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, ఇంజరం పరిసర గ్రామాలలో ఉండేవారు. నమూనాకు సరిపోలని బట్ట వల్ల కలిగే నష్టం ఎవరిపై పడిందన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

గిరాకీ

ఐరోపాలో పట్టు, జరీ వస్త్రాలు సంపన్నులకే అందేవి. కోరమండల్ తీరపు అద్దకపు నూలుబట్టలు ఆ పూల సొంపును తక్కువ ధరకు అందించాయి. పైగా వాటి రంగు ఉతికినా పోయేది కాదు. పనిమనిషి యజమానురాలిలా ముస్తాబవుతోందన్న ఫిర్యాదు ఆనాటి ఆంగ్ల కరపత్రాలలో కనిపిస్తుంది. ఉన్ని, పట్టు నేతగాండ్ర ఒత్తిడితో ఇంగ్లండ్ 1700లో అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించి, 1721 చట్టంతో వాటిని ధరించడాన్నే నిషేధించింది. (కారణాలు వేరైనా, 2020 జూన్‌లో భారత ప్రభుత్వం నిషేధించిన 59 చైనా ఆప్‌లలో షీయిన్ కూడా ఉండడం ఇక్కడ గుర్తుకు రాక మానదు.) తెల్లబట్టకు మాత్రం దారి మూసుకుపోలేదు. డెల్టా నేతకు ఇది కలిసివచ్చింది. నరసాపురం సమీపంలోని మాధవాయపాలెం ఆంగ్లేయుల నోట ‘మడపొల్లం’ అయింది. కాలక్రమంలో అదే ఒక రకం మెత్తని తెల్ల నూలుబట్టకు పేరుగా స్థిరపడింది. తరువాతి కాలంలో లాంకషైర్ మిల్లులు సైతం ఆ పేరుతోనే బట్ట నేసి అమ్మాయి.

బయానా నుంచి ఓడ వరకు

కంపెనీ డైరెక్టర్లు బట్ట పొడవు, పన్నా, పుంజాలు పేర్కొంటూ జాబితాలు పంపేవారు. పుంజమంటే పడుగులో 120 పోగులు. ఒకే పన్నాలో పుంజాలు పెరిగేకొద్దీ బట్ట సన్ననవుతుంది. స్థానిక వర్తకులు కంపెనీ సొమ్మును నేతగాండ్రకు బయానాగా పంచేవారు. నూలు కొనుగోలుకూ, తాను పూర్తయ్యేవరకు ఇంటి తిండికీ ఆ సొమ్మే ఆధారం. నేసి తెచ్చిన తానును వర్తకస్థావరంలో నమూనా పక్కన పరచి పోల్చేవారు. సరితూగకపోతే కింది తరగతికి దించి ధర కోసేవారు, లేదా తిప్పికొట్టేవారు. నెగ్గిన తానులను చలువ చేయించి, కట్టలు కట్టి ఓడకెక్కించేవారు. లండన్ కోరిక ఇక్కడికి చేరి, సరుకు అక్కడి వేలానికి వెళ్లేసరికి సుమారు రెండేళ్లు పట్టేది. ఈలోగా అభిరుచి మారితే ఆ నష్టం కంపెనీది. కాని పరీక్షలో ఓడిన తాను నష్టం మగ్గం దగ్గరికే తిరిగివచ్చేది.

అయినా మొదట్లో నేతగానికి ఒక తెరపు ఉండేది. డచ్చివారు 1613 నుంచే పాలకొల్లులో ఉన్నారు. 1723లో ఫ్రెంచివారు యానాంలో దిగారు. ఆంగ్లేయుల ఇంజరం అక్కడికి కూతవేటు దూరం. ఒకరు కాదన్న తానును మరొకరు కొనవచ్చు. స్థానిక సంతా ఉంది. కంపెనీ పాలనకు ముందు దక్షిణ భారత నేతగాండ్రు బయానా తిరిగిచ్చి ఒప్పందం నుంచి తప్పుకోగలిగేవారని ప్రసన్నన్ పార్థసారథి నిరూపించారు. పరీక్షించేవాని కాఠిన్యానికి ఈ పోటీయే హద్దు.

1765-66లో ఉత్తర సర్కారులు ఆంగ్ల కంపెనీ వశమైన తరువాత కొనుగోలుదారే పాలకుడయ్యాడు. కంపెనీ బయానా ఉన్న మగ్గంపై ఇతరులకు నేయరాదన్న ఆంక్షలు బిగుసుకున్నాయి. వాటి అమలుకు బంట్రోతులు నేతపల్లెలకు వచ్చారు. పరీక్షా విధానంలో పెద్ద మార్పు లేకపోయినా, తిప్పికొట్టిన తానుకు వేరే గుమ్మం లేకుండా పోయింది. 1798లో ఈ ప్రాంతపు నేతగాండ్రు సాగించిన నిరసనలను పి. స్వర్ణలత పరిశోధన వివరంగా చర్చించింది. వాటిని కేవలం ధరల తగాదాగా చూడడం సరికాదు.

లేసు

19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా డెల్టాకు వచ్చిన క్రోషే లేసులోనూ ఇదే అమరిక కనిపిస్తుంది. ఏజెంట్లు ఇంటింటికీ దారం ఇచ్చి, అల్లిన ముక్కలు సేకరించి ఎగుమతిదారులకు చేరుస్తారు. కూలి ముక్కల లెక్కన ఉంటుంది. ఈ స్త్రీలను శ్రామికులుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా పరిగణించడమే ఆ కూలి తగ్గడానికి మూలమని మరియా మీస్ 1982లో వెలువడిన గ్రంథంలో వాదించారు. ఇల్లు దాటని స్త్రీకి ఇంజరం, యానాంల మధ్య నేతగానికున్న ఎంపిక కూడా ఉండదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అది ఊరి పేరును అనుకరణల నుంచి కాపాడుతుంది. ముక్కకు ఎంత కూలి ఇవ్వాలో, తిప్పికొట్టిన ముక్క నష్టం ఎవరు భరించాలో దాని పరిధిలోకి రావు.