అడగడం ముందు, స్వాధీనం తరువాత

భిలాయ్: రాయపూర్ నుంచి దుర్గ్‌కు సాగే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు భిలాయ్‌లో పవర్ హౌస్, సుపేలా కూడళ్ల మీదుగా వెళుతుంది. ఉక్కు కర్మాగార ఉద్యోగులు, బ్యాంకుల నగదు తరలించే వ్యాన్లు, పొరుగు రాష్ట్రాల లారీలు ఈ దారినే పయనిస్తాయి. పోలీసులు ఆపిన వాహనంలో లైసెన్సు గల తుపాకి ఉంటే ఏమి జరగాలి? తుపాకి గలవానికే కాక, తనిఖీ చేసే కానిస్టేబుల్‌కు సైతం ఇది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న.

పోలీసుల జంకు నిర్హేతుకం కాదు. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లోని ఇంట్లో నిద్రిస్తుండగా నాటు తుపాకితో కాల్చి చంపారు. అయితే అట్టి హంతకునికీ, లైసెన్సు పొందిన బ్యాంకు గార్డుకూ మధ్యగల వ్యత్యాసాన్ని చట్టం గుర్తించింది.

1959 నాటి ఆయుధాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఆయుధం వెంట ఉంచుకున్న వ్యక్తిని లైసెన్సు చూపవలసిందిగా ఏ పోలీసు అధికారి అయినా కోరవచ్చు. చూపలేకపోతే పేరు, చిరునామా అడగవచ్చు. అవసరమని భావిస్తే ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. పేరు చెప్పడానికి నిరాకరించినా, తప్పుడు పేరు చెప్పినట్లు లేదా పారిపోజూస్తున్నట్లు అనుమానం కలిగినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. చట్టం నిర్దేశించిన క్రమం ఇది. కాగా, ఆయుధాన్ని నేరానికి వినియోగించే ఉద్దేశం ఉన్నట్లు అనుమానించడానికి తగిన ఆధారం ఉంటే, లైసెన్సు ఉన్నప్పటికీ అరెస్టు చేసే అధికారాన్ని 20వ సెక్షన్ ఇస్తున్నది.

లైసెన్సుదారునికీ బాధ్యతలు లేకపోలేదు. 2016 నాటి ఆయుధాల నిబంధనల మేరకు బహిరంగ ప్రదేశాల్లో పిస్తోలును ఒరలోనో సంచిలోనో పైకి కనబడకుండా ఉంచుకోవాలి. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోవడం మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమైన లైసెన్సుతో విశాఖపట్నం నుంచి భిలాయ్‌లోని బంధువుల ఇంటికి తుపాకితో బయలుదేరితే, రాష్ట్ర సరిహద్దు దాటిన క్షణం నుంచే ఆ కాగితం అక్కరకు రాదు.

ఈ క్రమం తప్పితే ఏమి జరుగుతుందో అమెరికా చూసింది. మిన్నెసోటా రాష్ట్రంలో 2016 జూలై 6న పోలీసులు ఫిలాండో కాస్టీల్ అనే వ్యక్తి కారును ఆపారు. తన వద్ద తుపాకి ఉన్నదని అతడు ముందుగానే తెలిపాడు. దానికి అనుమతి కూడా ఉన్నది. అయినా కొద్ది క్షణాల్లోనే అధికారి కాల్పులకు బలయ్యాడు. ఆ అధికారిని 2017లో జ్యూరీ నిర్దోషిగా ప్రకటించింది.

ఎవరు ఏమి అడగాలో మన చట్టం చెప్పింది. కానీ నడిరోడ్డుపై తుపాకి ఎలా అప్పగించాలో, ఎలా అందుకోవాలో 19వ సెక్షన్ చెప్పలేదు. ఆ లోటును శిక్షణతో, స్పష్టమైన ఉత్తర్వులతో పూరించవలసినది పోలీసు శాఖే. అంతవరకు లైసెన్సుదారుడు చేతులు కనబడేలా ఉంచి, తుపాకిని తాకక, ముందుగా మాటతో తెలియజేయడం శ్రేయస్కరం. స్వాధీనం చేసుకున్న అధికారి రసీదు ఇవ్వడం అంతే అవసరం.