విరుపు బ్లేడు కట్టరు: ఎన్నిక, వాడుక, జాగ్రత్త

మానవుడు చేపట్టిన పనిముట్లలో కత్తి అతి ప్రాచీనమైనది. అయినను నేడు మన బందరులో, గుడివాడలో, దివిసీమ పల్లెల్లో ఎక్కువగా చేతులు మారుతున్న కత్తి పుట్టి ఏడు దశాబ్దాలే అయినది. దుకాణాల్లో దానిని 'పేపర్ కట్టరు' అంటారు. కొందరు 'బ్లేడు' అని సరిపెట్టుకుంటారు. ప్లాస్టిక్ పిడిలో ఇమిడి ఉండి, బొటనవేలితో తోస్తే బయటికి వచ్చి, మొన మొద్దుబారినప్పుడు ఒక్కొక్క ముక్కగా విరిచివేయగల బ్లేడు దీని ప్రత్యేకత. చౌకగా దొరుకుతుంది, తేలికగా ఉంటుంది. అందువలననే దానిని గూర్చి నేర్చుకోవలసినది ఏమియు లేదని మనం అనుకుంటాము. సెలవు దినాల్లో దుకాణాల్లోను, ప్యాకింగు గదుల్లోను పనిచేసి చదువు ఖర్చులు సమకూర్చుకునే విద్యార్థులు మన మధ్య ఉన్నారు. కావున ఈ చిన్న కత్తిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

కలమునకు తోడైన కత్తి

ఉర్దూ చదువుకున్న మిత్రులకు 'కలమ్ తరాష్' అనే మాట క్రొత్త కాదు. రెల్లు కలమును చెక్కి, మొనను ఏటవాలుగా కత్తిరించే చిన్న చాకు అది. అందమైన దస్తూరీ కావలెనంటే మంచి కలము కావలె. మంచి కలము కావలెనంటే పదునైన చాకు కావలె. మొద్దుబారిన చాకుతో చెక్కితే రెల్లు నలుగుతుంది, మొన చీలుతుంది. తెలుగువారికి తాటాకుపై వ్రాసే గంటము ఉన్నట్లే, కాతిబులకు ఈ చాకు నిత్యము వెంట ఉండేది. మన పట్టణానికి పేరు తెచ్చిన 'కలంకారీ' అనే మాటలోను ఆ కలమే ఉన్నది. పదును పనివానికి శత్రువు కాదని, పదును లేకపోవుటయే శత్రువని మన పెద్దల చేతులకు తెలుసు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయము కూడ అదియే.

కత్తి పుట్టిన విధము

ఈ విరుపు బ్లేడును 1956లో జపాను దేశపు ఒసాకా నగరంలో యోషియో ఒకాడా అనే ఆయన రూపొందించాడు. ఆయన ముద్రణకు సంబంధించిన పనిలో ఉండేవాడు. కాగితము కోసి కోసి బ్లేడు మొన అరిగిపోగానే, మిగిలిన అంచు పదునుగా ఉన్నప్పటికీ, మొత్తము బ్లేడును పారవేయవలసి వచ్చేది. ఆ రోజుల్లో చెప్పులు కుట్టేవారు గాజు పెంకుతో తోలును గీకి, అంచు అరిగినప్పుడు పెంకును మళ్ళీ పగులగొట్టి క్రొత్త అంచును పొందేవారు. అమెరికా సైనికులు పంచిన చాక్లెట్ బిళ్ళలు గీతల వెంబడి ముక్కలుగా విరిగేవి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించగా బ్లేడుపై ఏటవాలు గీతలు గీయవచ్చునన్న ఊహ ఆయనకు తట్టినది. తరువాత ఆయన స్థాపించిన సంస్థ తన కత్తులకు పెట్టిన 'ఓల్ఫా' అనే పేరు కూడ జపాను భాషలో 'విరిచే ధార' అనే అర్థమునిచ్చే మాటల నుండి వచ్చినదే.

ఆ గీతలు బ్లేడు లోతు మొత్తానికి ఉండవు. ఉపరితలముపై మాత్రమే చెక్కబడి ఉంటాయి. బ్లేడు ఉక్కు చాల గట్టిది, కాని పెళుసు. కోతకు అనుకూలమైన దిశలో ఎంత బలమైనను ఓర్చుకుంటుంది; ప్రక్కకు వంచితే గీత దగ్గర పుటుక్కున తెగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తున్నవారు కట్టరుతో మేకు పీకరు, డబ్బా మూత లేపరు, మర త్రిప్పరు.

మన సీమలో దీని పని

మూట కట్టి పంపుట మన తీరానికి పాత విద్యయే. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరమును నెలకొల్పిన నాటికే ఇక్కడి అద్దకపు గుడ్డలు బేళ్ళుగా ఓడలెక్కుతుండేవి. నేడు పెడనలో టేకు అచ్చులతో అద్దిన కలంకారీ చీరలు, దుప్పట్లు అట్టపెట్టెల్లో ఊళ్ళు దాటుతున్నాయి. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు చిన్న డబ్బాల్లో, ఆ డబ్బాలు పెద్ద పెట్టెల్లో ప్రయాణము చేస్తాయి. గుడివాడ పరిసరాల్లో బియ్యపు సంచులు, చేపల మేత బస్తాలు. దివిసీమలో మంచు నింపి టేపు చుట్టిన థర్మోకోల్ పెట్టెలు. వీటిలో కత్తితో పని పడని చోటు అరుదు.

ఈ చేతులకు గాయమైతే పోయేదేమిటో ఆలోచించవలె. అచ్చును గుడ్డపై సరియైన చోట మోపేది వ్రేళ్ళ కొసలోని స్పర్శ. సన్నని గొలుసు కడియలను అతికేది బొటనవేలు, చూపుడువేలు. వ్రేలిలోని నరము గాని, దానిని వంచే స్నాయువు గాని తెగితే చర్మము మానినను నైపుణ్యము తిరిగి రాకపోవచ్చు. పది రూపాయల టేపు కోయుటలో తరతరాల విద్య నష్టపోవుట ఏ లెక్కకూ పొసగదు.

ఎన్నుకొనుట ఎట్లు?

మొదట వెడల్పు చూడవలె. 9 మిల్లీమీటర్ల వెడల్పు గల సన్న బ్లేడు కాగితమునకు, పలుచని టేపునకు, నగల డబ్బాలోని లోపలి అట్టకు చాలును. దాని మందము అర మిల్లీమీటరైనను ఉండదు. అట్టపెట్టెపై బలముగా నొక్కితే వంగి విరుగుతుంది. అట్టపెట్టెలకు 18 మిల్లీమీటర్ల బ్లేడు తగినది. అంతకన్న మందమైన 25 మిల్లీమీటర్ల రకము మందపు పలకలకే అవసరము.

రెండవది తాళము. బొటనవేలితో తోసి వదలగానే తానే బిగుసుకునే రకము చురుకైన పనికి బాగుంటుంది. మర త్రిప్పి బిగించే రకము బలమైన కోతకు నమ్మకమైనది. ఏ రకమైనను, కొనే ముందు బ్లేడును కొంత బయటికి తీసి, బిగించి, మొనను చెక్కపై ఆనించి మెల్లగా నొక్కి చూడవలె. వెనుకకు జారితే ఆ కత్తి ఎంత చౌకయైనను కొనరాదు. పిడి లోపల బ్లేడు నడిచే దారి లోహముతో చేసినదైతే బ్లేడు అటునిటు ఊగదు. ఎడమచేతి వాటము గలవారు బ్లేడును త్రిప్పి వేసుకునే వీలున్న రకమును అడిగి తీసుకోవలె.

మూడవది, అసలు ఈ కత్తియే కావలెనా అన్న ప్రశ్న. రోజంతా పెట్టెలు విప్పుటయే పనిగా గలవారికి, వ్రేలు వదలగానే బ్లేడు లోపలికి పోయే స్ప్రింగు కత్తి మేలు. తినుబండారాలున్న చోట విరుపు బ్లేడు అసలే పనికిరాదు. దాని ముక్క ఒకటి రాలి బందరు లడ్డూల పెట్టెలోనో, చేపల మంచులోనో పడితే ఎవరి కంటికీ కనబడదు. అక్కడ విరగని బ్లేడు గల కత్తియో, కత్తెరయో వాడవలె. బస్తాల మూతికి యంత్రముతో వేసేది గొలుసుకుట్టు. సరియైన కొసను పట్టి లాగితే దారము దానంతట అదే ఊడివస్తుంది. అక్కడ కత్తి పెట్టుట సంచికీ నష్టమే, చేతికీ ప్రమాదమే.

కోయునప్పుడు

మన ఇళ్ళలో కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుట చూస్తూ పెరిగినవారము మనము. అక్కడ కత్తి కదలదు. వంకాయయే కత్తి వద్దకు వెళ్తుంది. కట్టరు విషయము దీనికి పూర్తిగా వ్యతిరేకము. పెట్టె కదలరాదు, కత్తియే నడుస్తుంది. పెట్టెను ఒడిలో గాని, మోకాళ్ళ మధ్య గాని పెట్టుకుని తనవైపు లాగి కోసేవారిని మేము పలుచోట్ల గమనించితిమి. కత్తిపీట అలవాటు కట్టరు పనిలోనికి ప్రవేశించినందున కలిగే పొరపాటు ఇది. పెట్టెను బల్లపై ఉంచవలె. కోత గీతకు ఎదురుగా గాక ప్రక్కగా నిలబడవలె. పట్టుకున్న చేయి కత్తి నడిచే దారిలో ఉండరాదు.

బ్లేడును ఎంత బయటికి తీయవలె? మూడు పొరల అట్ట మందము సుమారు 3 మిల్లీమీటర్లు. అయిదు పొరల అట్ట అందుకు దాదాపు రెట్టింపు. 18 మిల్లీమీటర్ల బ్లేడులో ఒక్క ముక్క సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. అనగా ఒక్క ముక్క బయటికి వచ్చినను అది అట్టను దాటి లోపలి చీరను తాకగలదు. కావున ఒక్క ముక్కకు మించి తీయక, కత్తిని నిటారుగా గాక బాగా వాల్చి, టేపును మాత్రమే చీల్చవలె. అడుగు పొడవు బ్లేడును బయటికి తీసి ఝళిపించుట వీరత్వము కాదు. ఆధారము లేని పొడవాటి బ్లేడు వంగుతుంది, విరుగుతుంది, ఎగిరి కంటిని చేరుతుంది.

మందమైన అట్టను ఒకే దెబ్బలో కోయబూనక రెండు మూడు మార్లు తేలికగా గీయవలె. తిన్నని కోత కావలసినప్పుడు ఉక్కు స్కేలు ఆనించుకోవలె. ప్లాస్టిక్ స్కేలుపైకి బ్లేడు ఎక్కి వ్రేలిపై దిగుతుంది. కోత ముగిసిన మరుక్షణమే బ్లేడును లోపలికి లాగవలె. ఇతరులకు ఇచ్చునప్పుడు, జేబులో పెట్టుకొనునప్పుడు, బల్లపై ఉంచునప్పుడు కూడ ఇదే నియమము.

విరుచుటలోని మర్మము

పదునైన బ్లేడు తక్కువ బలముతో తెగుతుంది. మొద్దుబారిన బ్లేడుపై మన బరువంతా వేయవలసి వస్తుంది. అట్ట ఒక్కసారిగా లొంగినప్పుడు ఆ బలమంతయు అదుపు తప్పి, చేయి తాను పోదలచని చోటికి పోతుంది. గాయములు అనేకము ఆ క్షణముననే కలుగుతాయి. అయినను ముక్క విరిచితే నష్టమని భావించి, ఒకే మొనతో వారాల తరబడి లాగించే పొదుపు మనలో ఉన్నది. విరుచుటకే పుట్టిన బ్లేడును విరవకుండుట పొదుపు కాజాలదు. అట్ట తెగక నలిగినచో, టేపు అంచు పీచుగా లేచినచో, విరుచు సమయము వచ్చినదని గ్రహించవలె.

ఒక్క ముక్క మాత్రమే బయట ఉండునట్లు బ్లేడును బిగించి, గీత పైకి కనబడునట్లు పట్టుకుని, మొనను పట్టకారుతో గాని పిడి వెనుక మూతలోని సందుతో గాని పట్టి, నేలవైపునకు, మనుష్యులకు దూరముగా గీతకు ఎదురు దిశలో వంచవలె. కంటి అద్దాలుంటే పెట్టుకోవలె. ఉత్త వ్రేళ్ళతో విరువరాదు. గోడకు, బల్లకు కొట్టి అసలే విరువరాదు.

విరిగిన ముక్క ఎక్కడికి పోవలె? ఇది కత్తి పట్టినవాని ఒక్కని సమస్య కాదు. చెత్తబుట్టలో పడిన ముక్క మరునాడు పురపాలక పారిశుద్ధ్య కార్మికురాలి అరచేతిలో దిగుతుంది. ఆమెకు కత్తి ఎన్నుకునే అవకాశమే లేదు. ఖాళీ అయిన పౌడరు డబ్బా ఒకటి తెచ్చి, మూతకు సన్నని సందు చేసి, ముక్కలన్నీ దానిలో వేయవలె. నిండిన తరువాత మూతకు టేపు చుట్టి, లోపల బ్లేడులున్నవని పెద్ద అక్షరాలతో తెలుగులోను ఉర్దూలోను వ్రాసి అప్పగించవలె.

మన తీరపు గాలిలో ఉప్పు, తేమ అధికము. బ్లేడు ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. క్రొత్త బ్లేడులపై ఉండే నూనె పూతను తుడిచివేయక, మూత గల డబ్బాలో చిన్నపిల్లలకు అందనంత ఎత్తున ఉంచవలె. తుప్పు పట్టిన బ్లేడు పిడిలో ఇరుకుతుంది. దానిని బలవంతముగా తోయబోయినవారికి గాయము తప్పదు.

గాయమైనచో

ధారగా పారే మంచినీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలపాటు విడువక అదిమి, చేతిని గుండెకన్న ఎత్తుగా ఉంచవలె. మధ్య మధ్య గుడ్డ ఎత్తి చూడరాదు. పసుపు, కాఫీ పొడి, సున్నము వంటివి గాయములో అద్దరాదు. అవి మలినమును చేర్చుటయే గాక వైద్యునికి గాయపు లోతును కనబడనీయవు. రక్తము ఆగకున్నను, వ్రేలు వంగకున్నను, కొస తిమ్మిరెక్కినను ఆలస్యము చేయక ప్రభుత్వాసుపత్రికి వెళ్ళవలె. తెగిన స్నాయువును త్వరగా కలిపి కుట్టినప్పుడే మంచి ఫలితము ఉంటుంది. ధనుర్వాతపు టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నదీ జ్ఞాపకముంచుకుని వైద్యునికి చెప్పవలె.

ఒక విన్నపము

కళాశాల పాలకవర్గము వారికి మా మనవి ఇది. గ్రంథాలయములో పుస్తకాల పార్సిళ్ళు విప్పే చోటను, ప్రదర్శనలకు అట్టలు కోసే చోటను మూడు వస్తువులుంచిన చాలును: లోహపు దారి గల మంచి కట్టరు, ఒక పట్టకారు, ముక్కలు వేసే డబ్బా. జాతీయ సేవా పథకపు శిబిరములో ఒక అరగంట ఈ పని చేసి చూపించినచో, ఆ విద్య విద్యార్థుల వెంట పెడన అద్దకపు ఇళ్ళకు, చిలకలపూడి నగల పనివారి ముంగిళ్ళకు, నాగాయలంక చేపల షెడ్లకు తానే వెళ్తుంది.

విద్యార్థి మిత్రులారా! చదువుకున్నవాడు పనిలో చేరినప్పుడు ఆ పని మరింత క్షేమముగా జరగవలె. చదువుకు అంతకన్న మంచి గుర్తు లేదు. బ్లేడు ముక్క మళ్ళీ దొరుకుతుంది, వ్రేలు దొరకదు. ఆ ముక్కను సకాలములో విరవండి. విరిచినదానిని డబ్బాలో వేయండి.