పట్టాల సందు

చౌడేపల్లె, పుంగనూరు ప్రాంతాల వారికి రైలు ఎక్కాలంటే బస్సు ప్రయాణం ముందుగా తప్పదు. ఒకవైపు మదనపల్లె పట్టణానికి ఎడంగా సీటీఎం దగ్గర ఉన్న మదనపల్లె రోడ్ స్టేషన్, మరోవైపు పాకాల, దక్షిణాన దూరంగా కుప్పం ఉన్నాయి. కుప్పం మీదుగా జోలార్‌పేట నుంచి బెంగళూరుకు వెళ్లే దారిని మద్రాస్ రైల్వే కంపెనీ 1864లోనే బ్రాడ్‌గేజ్‌గా వేసింది. పాకాల నుంచి పీలేరు, వాయల్పాడు, మదనపల్లె రోడ్, ములకలచెరువు, కదిరి మీదుగా ధర్మవరం చేరే దారి మాత్రం 1890ల తొలి ఏళ్లలో సౌత్ ఇండియన్ రైల్వే వేసిన మీటర్‌గేజ్ దారి. అది బ్రాడ్‌గేజ్ కావడానికి ఇంచుమించు 120 ఏళ్లు పట్టింది. పట్టాకు పట్టాను కలిపే అతుకు ఎన్ని రూపాలు మార్చుకున్నదో తెలుసుకోవడానికి ఇలాంటి పాత దారులే తగిన చోటు. గమ్మత్తేమిటంటే, ఆ అతుకులో ముఖ్యమైన విడిభాగమైన ఫిష్‌ప్లేటు పేరు తెలుగు పాఠకులకు చాలాకాలంగా తెలుసు. పట్టాలపై కుట్ర జరిగిందన్న వార్తల్లో తరచూ కనిపించే మాట అది. అయితే ఆ ఇనుప బద్ద ఊడితే ఏమవుతుందో తెలిసినంతగా, ఉన్నప్పుడు అది చేసే పని ఏమిటో తెలియదు.

పట్టాను నిలువుగా కోసి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. చక్రం దొర్లే పైభాగం తల, స్లీపరు మీద ఆనే వెడల్పాటి కిందిభాగం పాదం, ఆ రెండింటినీ కలిపే సన్నని నిలువు పలక నడుము. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య పట్టా నిజానికి ఒక దూలం. చక్రం మీదికి వచ్చినప్పుడు అది కొద్దిగా వంగి, బరువును అటూఇటూ ఉన్న స్లీపర్లకు పంచి, చక్రం దాటగానే మళ్లీ తిన్ననవుతుంది. దూలాన్ని మధ్యలో కోసి, కోసిన చోట కూడా కోయనట్లే పనిచేయించాలన్నది అతుకు రూపొందించే ఇంజనీరు ముందున్న మొదటి షరతు. రెండో షరతు దీనికి పూర్తిగా విరుద్ధం. ఉక్కు ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది కాబట్టి పట్టా కొసలు ముందుకూ వెనక్కూ జరగడానికి వీలుండాలి. పైకీ కిందికీ, పక్కలకూ ఒక్క వెంట్రుకవాసి కదలకూడదు గాని పొడవు దిశలో మాత్రం కదలాలి. పట్టాల అతుకు చరిత్ర అంతా ఈ రెండు షరతుల మధ్య రాజీ చరిత్రే.

సాగడం ఎంత అన్నది లెక్కకు అందే విషయమే. ఒక డిగ్రీ సెల్సియస్ వేడి పెరిగితే పట్టా ఉక్కు ప్రతి మీటరుకు మిల్లీమీటరులో సుమారు 87వ వంతు సాగుతుంది. మన దేశంలో బ్రాడ్‌గేజ్ పట్టా ప్రామాణికమైన పొడవు చాలాకాలం 13 మీటర్లు. రాయలసీమ వేసవి మధ్యాహ్నం ఎండలో పడివున్న పట్టా, చుట్టూ ఉన్న గాలి కంటే 20 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కగలదు. చలికాలపు తెల్లవారుజామున అదే పట్టా గాలితో సమానంగా చల్లబడుతుంది. ఈ రెండు కొసల మధ్య తేడా 50 డిగ్రీలనుకుంటే 13 మీటర్ల పట్టా ఏడున్నర మిల్లీమీటర్లు సాగాలి. అందుకే పట్టాలు పరిచే రోజు ఉష్ణోగ్రతను బట్టి కొసల మధ్య కొలిచి సందు వదులుతారు. చలిరోజున ఎక్కువ సందు, ఎండరోజున తక్కువ సందు. కొలత తప్పి సందు చాలకపోతే వేసవిలో పట్టాలు ఒకదానినొకటి నెట్టుకొని పక్కకు వంకర్లు పోతాయి. మరీ ఎక్కువైతే చక్రం ప్రతిసారీ గుంటలో పడి లేచినట్లు కొసను బాదుతుంది.

ఈ సందుకు ఇరువైపులా పట్టాలను పట్టి ఉంచే ఉపాయం ఇంగ్లండులో దొరికింది. రైల్వేల తొలినాళ్లలో పట్టా కొసలు రెండూ ఒకే పోత ఇనుప కుదురులో కూర్చునేవి. రైళ్ల బరువు, వేగం పెరిగేకొద్దీ ఆ కుదుళ్లు పగలడం, కొసలు ఎగుడుదిగుడు కావడం మొదలైంది. విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ అనే ఇంజనీరు 1847లో రాబర్ట్ రిచర్డ్‌సన్‌తో కలిసి పేటెంటు పొందిన పద్ధతిలో, పట్టా నడుముకు రెండు పక్కలా ఇనుప బద్దలు చేర్చారు. వాటిని బోల్టులతో బిగించడం ఆ తరువాత వచ్చింది. ఆ పేటెంటు వచ్చిన పదిహేడేళ్లకు కుప్పం దారిన రైలు నడిచింది.

ఫిష్‌ప్లేటు చూడటానికి మామూలు ఇనుప బద్దలాగే ఉంటుంది గాని దాని ఆకారంలోనే ఉంది కిటుకంతా. పట్టా తల అడుగుభాగం, పాదం పైభాగం రెండూ ఏటవాలుగా ఉంటాయి. బద్ద పై అంచునూ కింది అంచునూ సరిగ్గా అదే వాలుతో చేస్తారు. బోల్టు బిగించేకొద్దీ బద్ద లోపలికి జరిగి, తలకూ పాదానికీ మధ్య చీలలాగా గట్టిగా కూర్చుంటుంది. నడుముకు మాత్రం అది ఆనకూడదు, మధ్యలో కొంత ఖాళీ ఉండి తీరాలి. ఆనిందంటే బోల్టు ఎంత బిగించినా ఆ బలం ఏటవాలు అంచులకు చేరదు. అరిగిన బద్దలతో వచ్చే చిక్కు సరిగ్గా ఇదే. ఏళ్ల తరబడి రాపిడికి ఆ అంచులు అరిగిపోయి, బద్ద నడుమును తాకే దాకా లోపలికి జరిగిపోతే ఇక దానిలో చీల గుణం మిగలదు.

మన దారుల్లో సాధారణంగా ఒక్కో అతుకుకు రెండు బద్దలు, నాలుగు బోల్టులు. బోల్టు రంధ్రాలను నడుములో, పట్టా వంగినప్పుడు లాగుడూ నొక్కుడూ రెండూ తక్కువగా ఉండే మధ్య ఎత్తున తొలుస్తారు. రంధ్రం బోల్టు కంటే కొద్దిగా పెద్దది. పట్టా ముందుకూ వెనక్కూ జరగడానికి చోటిచ్చేది ఆ తేడాయే. అయినా ఉక్కులో రంధ్రం రంధ్రమే. చక్రం దెబ్బ పడిన ప్రతిసారీ రంధ్రం అంచున ఒత్తిడి పోగుపడి, అక్కడి నుంచి ఏటవాలుగా వెంట్రుకంత సన్నని పగుళ్లు బయలుదేరుతాయి. వాటిని ఆపడానికి రంధ్రం అంచులను కాస్త చెక్కి నునుపు చేస్తారు. పట్టా కొసకూ మొదటి రంధ్రానికీ మధ్య పగులు పాకితే తల భాగం ముక్కగా ఊడిపోయే ప్రమాదముంది. ఫిష్‌ప్లేటు పగులును కళ్లకు కనబడకుండా కప్పేస్తుంది. దాని పెద్ద లోపం ఇదేననడం తప్పు కాదు.

ఈ కారణం చేతనే ఏటా చలికాలంలో అతుకులను విప్పి నూనె పెట్టే పని ఒకటి రైల్వే నియమావళిలో ఉంది. వేసవిలో బోల్టులు విప్పితే సాగిన పట్టాలు ఎటు తోసుకుంటాయో తెలియదు కాబట్టి ఆ పనికి చలి రోజులే తగినవి. రైలు లేని వేళ చూసుకొని, దారి మరమ్మతు చూసే గ్యాంగు వారు నాలుగు బోల్టులూ తీసి, బద్దలు ఊడదీసి, పట్టా నడుమును తీగల బ్రష్షుతో రుద్ది తుప్పు రాలుస్తారు. ఆ తరువాత అద్దం పట్టి, భూతద్దంతో రంధ్రాల చుట్టూ, తల అడుగున పగుళ్లు వెతుకుతారు. గ్రాఫైటు పొడిని కిరోసిన్, నూనెలతో కలిపిన నల్లని ముద్దను బద్దల ఏటవాలు అంచులకు పూసి, బద్దలు తిరిగి పెట్టి, ముందు మధ్యనున్న రెండు బోల్టులు, ఆ పైన కొసల బోల్టులు బిగిస్తారు. ఆ బిగింపులోనూ ఒక హద్దు ఉంది. పొడవాటి పిడి ఉన్న స్పానరుతో బలమంతా పెట్టి బిగిస్తే పట్టా జరగడం ఆగిపోయి, సందు ఉండీ లేనట్లే అవుతుంది. అతుకును ఎక్కువ బిగించడం, తక్కువ బిగించినంత ప్రమాదమే. రోజూ తన బీటు పొడవునా నడిచే కీమన్ భుజాన సుత్తితో పాటు స్పానరు కూడా ఉండటానికి కారణం ఈ నాలుగు బోల్టులే.

ఇంత చేసినా అతుకు పట్టా కాలేదు. బద్దల జత బలం పట్టా బలంలో కొంత భాగమే కాబట్టి చక్రం కింద అతుకు మిగతా చోట్ల కంటే ఎక్కువ కుంగుతుంది. కుంగిన చోట స్లీపరు అడుగున కంకర నలిగి పిండి అవుతుంది. వానకాలంలో ఆ పిండి బురదై పైకి చిమ్ముతుంది. కంకర పోయిన కొద్దీ అతుకు ఇంకా కుంగుతుంది. కొంతకాలానికి పట్టా కొసలే శాశ్వతంగా కిందికి వంగిపోతాయి. మన దేశంలో రెండు పట్టాల అతుకులనూ ఎదురెదురుగా ఉంచడం రివాజు, అమెరికాలో ఒక పట్టా అతుకు రెండో పట్టా మధ్యభాగానికి ఎదురుగా వచ్చేట్లు ఉంచుతారు. మొదటి పద్ధతిలో బండి తల ఊపినట్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, రెండో పద్ధతిలో ఇటూ అటూ ఒరుగుతుంది. దేనికదే బాధ.

పాత ప్రయాణికులు ఇష్టంగా చెప్పుకునే టకటక శబ్దం ఈ బాదుడిదే. దానిలో ఒక లెక్క కూడా దాగి ఉంది. 13 మీటర్లకొక అతుకు ఉన్న దారిలో 47 సెకన్లలో ఎన్ని దెబ్బలు వినబడితే బండి వేగం గంటకు ఇంచుమించు అన్ని కిలోమీటర్లు. మూడేసి పట్టాలను అతికి 39 మీటర్ల ప్యానెళ్లుగా పరిచిన దారిలో అయితే లెక్కపెట్టవలసిన సమయం 140 సెకన్లు.

అతుకే జబ్బయితే అతుకు లేకుండా చేయడమే మందని ఇంజనీర్లకు తోచడం సహజం. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంటు పొందిన థర్మిట్ చర్య దానికి దారి చూపింది. 1899లో ఎస్సెన్ నగరంలో ట్రామ్ పట్టాలను ఆ పద్ధతిలో అతికారు. ఐరన్ ఆక్సైడు, అల్యూమినియం పొడుల మిశ్రమాన్ని మూసలో వేసి రాజేస్తే, అల్యూమినియం ఆక్సిజనును లాగేసుకొని, 2,000 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిన ఇనుము అడుగుకు దిగుతుంది, మడ్డి పైకి తేలుతుంది. పట్టా కొసల మధ్య సుమారు 25 మిల్లీమీటర్ల సందు ఉంచి, చుట్టూ అచ్చు బిగించి, కొసలను ముందుగా ఎర్రగా కాల్చి, ఆ ద్రవాన్ని అందులో పోస్తారు. చల్లారే లోపు పైనున్న అదనపు లోహాన్ని కోసేసి, తరువాత చక్రం దొర్లే తలభాగాన్ని సాన పడతారు. పట్టా పాదం, నడుముల చుట్టూ మాత్రం కాలరు వంటి ఉబ్బు మిగిలిపోతుంది. కర్మాగారాల్లో అయితే రెండు కొసల మధ్య విద్యుత్తు మెరుపులు పుట్టించి కరిగించి నొక్కే ఫ్లాష్‌బట్ పద్ధతి వాడతారు, అది మరింత నమ్మకమైనది. నేడు భిలాయ్ ఉక్కు కర్మాగారం పట్టాలను 260 మీటర్ల ప్యానెళ్లుగా పంపుతున్నది.

మరి సాగుడు మాటేమిటి? కిలోమీటరు పొడవు పట్టాను స్వేచ్ఛగా వదిలేస్తే 50 డిగ్రీల తేడాకు అర మీటరుకు పైగా సాగుతుంది. అంత సందు వదిలే వీలు లేదు కాబట్టి సాగనివ్వకుండా బంధిస్తారు. ఒక్కొక్కటి పావు టన్నుకు పైగా బరువుండే కాంక్రీటు స్లీపర్లు, పట్టా పాదాన్ని నొక్కి పట్టే స్ప్రింగు క్లిప్పులు, స్లీపర్ల చుట్టూ దట్టంగా పోసిన కంకర కలిసి పట్టాను కదలనివ్వవు. కదలలేని ఉక్కు ఆ కోపాన్ని లోపలే బలంగా దాచుకుంటుంది. మీటరుకు 60 కిలోల తూకం ఉండే పట్టాలో ఒక్కో డిగ్రీకి ఆ బలం దాదాపు 1.9 టన్నులు, 30 డిగ్రీల తేడాకు ఒక్క పట్టాలోనే 57 టన్నులు. ఎడ్లబండి చక్రానికి కమ్మరి పట్టా వేసేటప్పుడు ఇనుమును కాల్చి తొడిగి చల్లార్చగా, అది కుంచించుకోబోయి కుదరక కర్రను బిగించి పట్టినట్లే, ఇక్కడ చలివేళ పట్టా స్లీపర్లను పట్టి లాగుతుంది. అందుకే వెల్డింగు చేసిన దారిని ఏ ఉష్ణోగ్రత దగ్గర బిగించాలన్నది ముందే నిర్ణయిస్తారు. ఆ ప్రాంతపు సగటు కంటే కొంచెం ఎక్కువ దగ్గర బిగించడం మన పద్ధతి. చలికి పట్టా విరిగితే సందు ఏర్పడుతుంది, చాలా సందర్భాల్లో ముందే కంటబడుతుంది. ఎండకు దారి వంకరపోతే క్షణాల్లో మీటర్ల పొడవున పాములా మెలికలు తిరుగుతుంది. రెండింటిలో చలి ప్రమాదం వైపు కాస్త మొగ్గడమే మేలని ఇంజనీర్ల అంచనా.

ఇలాంటి పొడవాటి దారిలో మధ్యభాగం అసలు కదలదు. రెండు చివర్లలో సుమారు 100 మీటర్ల చొప్పున మాత్రం కొంత జరుగుతుంది. ఆ భాగాన్ని బ్రీతింగ్ లెంగ్త్ అంటారు. ఆ చివర ఉండే స్విచ్ ఎక్స్‌పాన్షన్ జాయింటులో పట్టా కొసను సన్నగా చెక్కి, పక్కకు వంచిన మరో పట్టాను ఆనుకొని జారేటట్లు అమరుస్తారు. చక్రం ఒకదాని మీద నుంచి మరొకదాని మీదికి పక్కగా మారుతుంది గనుక ఎక్కడా గుంటలో పడదు. వందల అతుకుల్లో పంచుకున్న సాగుడును ఇలా ఒక్క చోటికి తెచ్చి పెట్టినట్లయింది. సమస్య పోలేదు, దాని విలాసం మారింది.

అన్ని సందులనూ వెల్డింగుతో పూడ్చడం కూడా కుదరదు. దారిలో ఫలానా ముక్కలో బండి ఉన్నదో లేదో సిగ్నళ్లకు తెలియడానికి పట్టాల గుండా చిన్న విద్యుత్తు పంపుతారు. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ రూపొందించిన ట్రాక్ సర్క్యూట్ పద్ధతి ఇది. చక్రాల ఇరుసు రెండు పట్టాలనూ కలిపేయగానే విద్యుత్తు దారి మళ్లి, వెనకనున్న సిగ్నలు ఎర్రగా మారుతుంది. ఒక ముక్క విద్యుత్తు పక్క ముక్కలోకి పోకూడదు కాబట్టి అక్కడ పట్టాలను కోసి, సందులో విద్యుత్తు పారని పలక పెట్టి, బద్దలకూ పట్టాకూ మధ్య గాజునారను ఎపాక్సీ జిగురుతో నింపి, ఆపైన బోల్టులతో నొక్కి ఆరబెడతారు. ఈ గ్లూడ్ జాయింటు విద్యుత్తుకు తెగినది, బలానికి తెగనిది. పొడవు దిశలో జరగడం దీనికి అక్కరలేదు. కనుక పాత అతుకులోని రెండో షరతును ఇది పూర్తిగా వదిలేసింది.

ఇంతకీ ఫిష్‌ప్లేటు పాతబడిపోలేదు. చలికాలపు తెల్లవారుజామున వెల్డింగు దగ్గర పట్టా పుటుక్కున విరిగితే, అంత పొద్దున అక్కడ కరిగిన ఇనుము పోసే ఏర్పాటు ఉండదు. అప్పుడు గ్యాంగు తెచ్చేది మధ్యలో ఉబ్బెత్తుగా వంచిన జాగుల్డ్ ఫిష్‌ప్లేట్ల జత. వెల్డింగు కాలరు ఆ ఉబ్బు లోపల ఇమిడేట్లు వాటిని రూపొందించారు. విరిగిన చోటికి ఇరువైపులా వాటిని ఆనించి, రంధ్రాలు తొలిచే తీరిక లేకపోతే స్క్రూ క్లాంపులతో బిగించి, మనిషిని కాపలా పెట్టి, వేగం బాగా తగ్గించి బండ్లను నడిపిస్తారు. అనుమానం ఉన్న కొత్త వెల్డింగుకూ, అతిధ్వని పరీక్షలో తేడా కనబడిన పాత వెల్డింగుకూ ఇవే బద్దలు ఆసరా. ఆ తరువాత ఎప్పుడో తీరికగా, విరిగిన భాగాన్ని కోసి తీసి, కొత్త ముక్క పెట్టి, రెండు కొసలా మళ్లీ వెల్డింగు చేస్తారు. ఒక్క విరుపుకు రెండు కొత్త అతుకులు.