రోడ్డు పక్కనే మీ ప్రాజెక్టు ల్యాబ్

కామవరపుకోట నుంచి రోజూ ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీలకు తిరిగే ఇంజినీరింగ్ ఫ్రెండ్స్... ఫైనలియర్ ప్రాజెక్టు కొనేద్దామనుకుంటున్నారా? ఇంటర్వ్యూలో 'ఈ డేటా ఎక్కడిది?' అని అడిగితే ఏం చెబుతారు?

చాలా ఫోన్లలో దిక్సూచి కోసం మాగ్నెటోమీటర్ ఉంటుంది. మన దగ్గర భూ అయస్కాంత క్షేత్రం సుమారు 42 మైక్రోటెస్లాలు. పక్క నుంచి ఇనుప బాడీ ఉన్న వాహనం వెళ్తే ఆ అంకె కదులుతుంది. లారీ, కారు, బైక్... గ్రాఫ్‌లో దేని ఆకారం దానిదే. కెమెరాలా వెలుతురుతో పనిలేదు. చీకట్లోనూ, పొగమంచులోనూ పనిచేస్తుంది.

ఇలా మొదలుపెట్టండి

* జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ తయారుచేసిన ఉచిత యాప్ ఫైఫాక్స్‌తో రీడింగ్స్ రికార్డు చేయండి.
* వెళ్లిన ప్రతి బండినీ టైమ్‌తో సహా నోట్‌బుక్‌లో రాయండి. మోడల్‌కు నేర్పేది ఈ లేబుల్సే.
* టైమ్ కలిపిన రెండు ఫోన్లను 10 మీటర్ల దూరంలో పెట్టండి. తేడా 1 సెకను వస్తే వేగం గంటకు 36 కిలోమీటర్లు.

దూరం రెట్టింపైతే సిగ్నల్ దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకని రోడ్డెక్కకండి, అంచున ఉన్న గోడ, గట్టు చాలు.

రెండు బండ్లు పక్కపక్కనే వెళ్తే లెక్క తప్పుతుంది. ఎన్నిసార్లు తప్పిందో రెజ్యూమెలో రాయండి. కొన్న ప్రాజెక్టులో దొరకనిది అదే!