కాలువగట్టుపై వేగము

కోనసీమలోని పెక్కు దారులు బండ్లకొరకు పుట్టినవి కావు. ధవళేశ్వరమువద్ద 1852 నాటికి ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి మధ్యడెల్టాలో కాలువలు సాగినవి. ఆ కాలువలే నాటి రాజమార్గములు. ధాన్యమును కొబ్బరికాయలును పెండ్లివారును పడవలమీదనే పోయెడివారు. త్రవ్విన మన్ను ఇరువైపుల పోయగా గట్లు ఏర్పడినవి. కాలక్రమమున కంకరయు, దానిపై తారును పడి ఆ గట్లే రోడ్లైనవి. నీరు వంగినచోటనెల్ల గట్టు వంగును, గట్టుతోపాటు రోడ్డును వంగును. ఒకవైపు నిండుకాలువ, రెండవవైపు పల్లపు తోటయో చేనో. నడుమ ఎదురెదురుగా రెండు బస్సులు వచ్చినచో ఒకటి ప్రక్కకు ఒదిగి నిలువవలసినంత వెడల్పు.

ఈ దారులమీదనే నేడు అంబాజీపేటకు కొబ్బరి లారీలు, బడిపిల్లల బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు పరుగిడుచున్నవి. శనివారమునాడు వాడపల్లి వేంకటేశ్వరుని దర్శనమునకు పోవు కార్లకు లెక్కలేదు. మాసూళ్ల దినములలో ఆరబోసిన ధాన్యము సగము రోడ్డును ఆక్రమించుట మనమెరిగినదే. కాలువలో కారు పడినదను వార్త మన పత్రికలలో అరుదు కాదు.

ఇంతకును ప్రమాదకరమైన వేగమనగా నేమి? గంటకు 40 కిలోమీటర్లు పోవు కారు ఒక్క సెకనులో 11 మీటర్లు గడచును. అడ్డమువచ్చిన గేదెను చూచి డ్రైవరు బ్రేకు త్రొక్కుటకు ఇంచుమించు ఒక సెకను పట్టును. బ్రేకు పడకమునుపే 11 మీటర్లు పోయినవి. బ్రేకు పడిన పిదప ఆగుటకు మరి 10 మీటర్లు కావలెను. వేగము 80 అయినచో మొదటి సెకనులో 22 మీటర్లు, పిదప ఆగుటకు 20 కాదు, సుమారు 40 మీటర్లు. వేగము రెట్టింపైన బండిలోని శక్తి నాలుగింతలగును. ఆ నాలుగింతలను బ్రేకులే మ్రింగవలెను. ఇది పొడిరోడ్డు లెక్క. వానకు తడిసి, ట్రాక్టరు చక్రముల బురద అంటిన గట్టుమీద ఈ లెక్కయు చాలదు. మలుపున 30 మీటర్ల దారి మాత్రమే కనబడుచుండగా 60 మీటర్లకుగాని ఆగని వేగమున పోవువాడు, ఎంత నేర్పరియైనను, కన్నులు మూసికొని నడుపుచున్నట్లే.

చట్టము ఈ విషయమును ఎట్లు చూచుచున్నది? మోటారు వాహనముల చట్టము 1988లో చేయబడినది. దాని 184వ సెక్షను ప్రమాదకరమైన డ్రైవింగును గూర్చినది. 2019 సవరణలో దీని క్రిందికి వచ్చు పనులను విప్పిచెప్పిరి: ఎఱ్ఱదీపమును దాటుట, నడుపుచు చేత ఫోను పట్టుట, నియమమునకు విరుద్ధముగా ముందుబండిని దాటిపోవుట, ఎదురుదిశలో పోవుట మొదలైనవి. మొదటిసారి శిక్ష ఆరునెలలకు తక్కువకాక ఏడాదివరకు ఖైదు, లేదా 1,000 నుండి 5,000 రూపాయలవరకు జరిమానా, లేదా రెండును. ప్రాణము పోయినచో మాట వేరు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను, నిర్లక్ష్యముచే మరణము కలిగించినవారికి ఐదేండ్లవరకు ఖైదు విధించుచున్నది. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేండ్లే.

అయితే వేగముగా పోయినాడని సాక్షి చెప్పును, పోలేదని డ్రైవరు చెప్పును. ఈ వాదము తీర్చుటకే యంత్రము వచ్చినది. హాలండు దేశపు మోటారు పందెగాడు మారిస్ గాట్సోనిడిస్, 1953లో మోంటీకార్లో పందెము గెలిచినవాడు, మలుపులలో తన కారు వేగమును కొలుచుకొని ఇంకను వడిగా పోవలెనని ఒక సాధనమును కల్పించుకొనెను. అదియే పిమ్మట వేగగాములను పట్టు కెమెరాగా దేశదేశములకు ప్రాకినది!

రాడారు యంత్రపు సూత్రము సులభమైనది. రైలు కూతను ఉదాహరణగా చెప్పుట వాడుక. అమలాపురమువారికి రైలుకొరకు ఎదురుచూపే గనుక బస్సు హారనును తీసికొందము. మనవైపు వచ్చునప్పుడు హారను స్వరము హెచ్చుగను, దాటిపోగానే తగ్గుగను వినబడును. రాడారు పంపిన రేడియో తరంగము బండికి తగిలి తిరిగివచ్చునప్పుడును ఇట్టి మార్పే కలుగును. ఆ మార్పును కొలిచిన వేగము తెలియును. లేజరు తుపాకి మరియొక విధము: కాంతిని తునుకలు తునుకలుగా పంపి, అవి తిరిగివచ్చు కాలము క్షణక్షణమునకు ఎంత తగ్గుచున్నదో లెక్కించును.

త్రాగి నడుపువారిని పట్టు పరికరములో ప్లాటినము పలకలు గల చిన్న ఘటము ఉండును. ఊదిన గాలిలో మద్యసారమున్నచో అది అచ్చట రసాయనికముగా మారి కొలదిపాటి విద్యుత్తును పుట్టించును. మద్యము హెచ్చినకొలది విద్యుత్తు హెచ్చును. 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు మించినచో 185వ సెక్షను క్రింద నేరము. మొదటిసారికి ఆరునెలలవరకు ఖైదు, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును.

కెమెరాలను గూర్చిన నియమములు 2021లో వెలువడినవి. యంత్రమునకు ఏటేట పరీక్షించి ఇచ్చు ధ్రువపత్రము ఉండవలెను. అచ్చట కెమెరా కలదని ముందుగా బోర్డు పెట్టవలెను. నేరము జరిగిన 15 దినములలో నోటీసు పంపవలెను. ఇవి న్యాయమైన కట్టుబాట్లే. కాని ఆ కెమెరాలను ఎచ్చట నిలుపుమన్నారు? జాతీయ, రాష్ట్ర రహదారులలో ప్రమాదము హెచ్చైనచోట్లను, పెద్ద నగరముల కూడళ్లలోను. యానాం-ఎదుర్లంక వంతెననుండి అమలాపురము, రాజోలు ప్రాంతముల మీదుగా చించినాడ వంతెనకు పోవు 216వ నంబరు జాతీయ రహదారికి ఇది వర్తించును. లొల్ల లాకులవద్ది గట్టుకో, ఊరినుండి ఊరికిపోవు పుంతరోడ్డుకో కెమెరా వచ్చునని మేము ఆశింపజాలము.

కావున మన సీమలో చట్టము ప్రధానముగా పనిచేయవలసినది బండి ఇంటినుండి కదలునప్పుడే. ఇందుకు 2019లో చేర్చిన 199ఎ సెక్షనును ప్రతి కుటుంబమును తెలిసికొనవలెను. మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రియో సంరక్షకుడో, బండి యజమానియో దోషి యగును. మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు లేదు. తనకు తెలియక జరిగినదనియో, తగు జాగ్రత్త తీసికొంటిననియో యజమాని నిరూపించుకొనవలెను. తాళముచెవి వాకిట మేకుకు వ్రేలాడుచుండగా ఈ నిరూపణ కష్టము. లైసెన్సు లేనివాడు ఒకరిని గాయపరచినచో, బీమా కంపెనీ బాధితునికి చెల్లించిన సొమ్మును న్యాయస్థానపు ఆజ్ఞతో యజమానినుండి రాబట్టుకొను సందర్భములును కలవు. అది అరయెకరము తోట అమ్మినను తీరని మొత్తము కావచ్చును.

పదవతరగతి పిల్లవానికి బండి యిచ్చు తండ్రులందరును నిర్లక్ష్యపరులని మేమనము. బస్సు లోపలి ఊళ్లకు రాదు, ట్యూషను మూడుమైళ్ల దూరము, తండ్రి పొలములోనుండును. చట్టము కఠినమైనంతమాత్రమున ఆ మూడుమైళ్లు తరుగవు. ఉదయసాయంకాలముల బస్సును గట్టుదారులకు మళ్లించుట జరిమానాలకంటె మేలైన ఉపాయమని మా అభిప్రాయము.

అద్దెబండ్లలో వేగనియంత్రకము అను పరికరము ఉండును. ఇది ఇంజనుకు ఇంధనమును తగ్గించి లారీని 80 కిలోమీటర్లు, బడిబస్సును 60 కిలోమీటర్లు మించనీయదు. దీనిని ఊడదీయించు యజమానులు లేకపోలేదు. బడిబస్సు ఎక్కు పిల్లల తల్లిదండ్రులు ఈ పరికరమును గూర్చి బడివారిని అడుగుటకు జంకనక్కరలేదు. రోడ్డు వేయువారికిని బాధ్యత కలదు: నిర్ణీత ప్రమాణములను పాటింపనందున మరణమో అంగవైకల్యమో కలిగినచో 198ఎ సెక్షను అధికారికిగాని కాంట్రాక్టరుకుగాని లక్షరూపాయలవరకు జరిమానా విధించుచున్నది. మలుపులలో రక్షణకమ్మీలు కావలెనని పంచాయతీలు వ్రాతమూలకముగా కోరినచో ఆ కాగితమునకు విలువ యుండును.

ఇక బండి కాలువలో పడనే పడినదనుకొనుడు. దూకి తీయగల ఈతగాండ్రు మన గట్లపై ఎప్పుడును ఉందురు. పోలీసు కేసు భయమే కొందరి కాలు వెనుకకు లాగును. ఆ భయము అక్కరలేదు. సుప్రీంకోర్టు 2016లోను, చట్టము 2019లో 134ఎ సెక్షను ద్వారాను, సదుద్దేశముతో తోడ్పడినవారికి రక్షణ కల్పించినవి. సహాయకుడు తన పేరు చెప్పనక్కరలేదు. ఆసుపత్రివారు అతనిని నిలువరింపరాదు, ఖర్చు అడుగరాదు. ఆంబులెన్సుకు 108, పోలీసులకు 112 నంబర్లకు ఫోను చేసి, ఏ లాకుకు ఎగువనో దిగువనో, ఏ వంతెనకు ఎంత దూరమో చెప్పినచో వారు త్వరగా చేరగలరు.