పంచాంగము చూచి కెమెరా తీయుడు

రాత్రివేళ నక్షత్రములతో నిండిన ఆకాశమును ఛాయాచిత్రముగా పట్టవలెనను కోరిక నేడు పల్లెటూళ్ల యువకులలో సైతము ప్రబలియున్నది. కాని ఆ కోరిక కలిగిన వెంటనే వారు ఖరీదైన కెమెరాలను గూర్చి విచారింతురే తప్ప, ఇంటిలోనున్న పంచాంగమును విప్పి చూడరు. కొండలు, కోటలు, చెరువులు, జలపాతములు గల తిరుపతి, చిత్తూరు సీమలో పుట్టినవానికి ప్రకృతిదృశ్యములను చిత్రించు విద్య నేర్చుకొనుటకు దూరదేశములకు పోవలసిన పనిలేదు. ఈ విద్యలో అభివృద్ధి సామగ్రివలన కలుగునది స్వల్పము. తిథులను, దిక్కులను, ఋతువులను ఎరిగి, ఎంచుకొన్న యొక్క చోటికే మరల మరల పోవుటవలన కలుగునది అధికము.

పాలపుంత వెలుగు మిక్కిలి మందమైనది. వెన్నెల కాయు రాత్రి అది కంటికే కాదు, కెమెరాకును సరిగా అందదు. కావున అమావాస్యకు ముందు వెనుకల నాలుగైదు రాత్రులు ఈ పనికి శ్రేష్ఠములు. చంద్రోదయము దినమునకు సుమారు 50 నిమిషములు ఆలస్యమగుచుండును గనుక, కృష్ణపక్షపు అష్టమినాడు అర్ధరాత్రి వరకును చీకటి దొరకును. శుక్లపంచమినాడైనచో రాత్రి పది గంటల ప్రాంతమున చంద్రుడస్తమించిన పిదప తెల్లవారువరకును దొరకును. పాలపుంతలో మిక్కిలి ప్రకాశించు నడిమి భాగము వృశ్చికపు తోకయైన మూలా నక్షత్రమునకు చేరువనున్నది. పున్నమిచంద్రుడు జ్యేష్ఠా నక్షత్రసమీపమున నుండు మాసమే జ్యేష్ఠమాసము. మూల దానిప్రక్కదే గనుక, ఆ మాసపు రాత్రులలో ఆ భాగము సూర్యునకు ఎదురుగా నుండి, నడిరేయి దక్షిణమున ఉన్నతస్థానమునకు వచ్చును. మాఘ ఫాల్గుణములలో అది తెల్లవారుజామున ఆగ్నేయమున పైకి వచ్చును. భాద్రపదమున చీకటిపడునప్పటికే నైరుతికి వాలుచుండును. అయితే జూను మొదలు డిసెంబరు వరకు మన సీమ మీదుగా రెండు ఋతుపవనములును నడచును గనుక, ఫిబ్రవరి నుండి మే వరకు గల తెల్లవారుజాములే సాధకునకు నమ్మదగిన కాలము.

కాలము తరువాత దిక్కు. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అందుచేత ధ్రువనక్షత్రము ఉత్తర దిగంతమునకు అంతే ఎత్తున కనబడును. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు గావున, ఇది పిడికిలిన్నరకు కొంచెము తక్కువ. పట్టణమునకు ఉత్తరముననే తిరుమల కొండల వరుస యున్నందున, పట్టణమునకు దక్షిణముగా కొంతదూరము పోయి వెనుదిరిగి చూచినచో, ధ్రువుడు ఆ కొండల అంచునకు పైగా నిలిచియుండును. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. ముప్పది సెకండ్ల చిత్రములు నూటయిరువది ఎడతెగక తీసి ఒకటిగా కూర్చినచో, నక్షత్రములన్నియు ధ్రువుని చుట్టును చాపములవలె గీతలుదీరి, కొండలకు తోరణము కట్టినట్లు చిత్రము వచ్చును. పాలపుంతకైనచో ఆ చోటనే పట్టణపు దీపములకు వీపు త్రిప్పి దక్షిణమునకు చూడవలెను. సుమారు 1,265 మీటర్ల ఎత్తుగల హార్సిలీ కొండమీద చీకటి మెండుగా నుండును గాని, మదనపల్లె దానికి ఆగ్నేయమున నున్నందున, ఫిబ్రవరిలో పాలపుంత ఉదయించు దిక్కుననే ఊరి వెలుగు అడ్డుపడును. ఏప్రిల్, మే మాసములలో అది దక్షిణమునకు చేరిన పిదప ఆ బాధ తగ్గును. చీకటి ఎంత యని మాత్రమే కాక, వెలుగు ఏ దిక్కున నున్నదని కూడ విచారింపవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇక యంత్రమును నడుపు తీరు. కెమెరాను కదలని ట్రైపాడ్‌పై నిలిపి, ఆటోఫోకసును ఆపివేసి, ఆకాశమున ప్రకాశవంతమైన యొక తారను, అనగా ఎఱ్ఱని జ్యేష్ఠను గాని శీతకాలమున దక్షిణమున వెలుగు అగస్త్యుని గాని, తెరమీదికి తెచ్చి పదిరెట్లు పెద్దదిగా చేసి చూడవలెను. మొదట అది మసకబారిన పెసరగింజంత కనబడును. లెన్సు వలయమును వెండ్రుకవాసి చొప్పున త్రిప్పుచు పోగా అది కుదించుకొని సూదిమొనయంత యగును. ఇంకను త్రిప్పినచో మరల ఉబ్బును. ఆ సూదిమొన వద్దనే ఆపి, వలయము కదలకుండ చిన్న టేపుముక్క అంటించుట అనుభవజ్ఞుల పద్ధతి. ఐదువందలను లెన్సు మిల్లీమీటర్లచే భాగించినచో తారలు గీతలుగా సాగకముందు షట్టరు తెరచియుంచదగిన సెకండ్లు స్థూలముగా వచ్చును: 20 మి.మీ. లెన్సుకు 25. కెమెరాలోని సెన్సరు చిన్నదైనచో దానిని మరల ఒకటిన్నరచే భాగింపగా సుమారు 17 వచ్చును. అపెర్చరు 2.8, ఐఎస్ఓ 3200 తో ఆరంభించి, ఫలితమును బట్టి దిద్దుకొనవచ్చును. ఒకే దృశ్యమును పదునారు మారులు తీసి సరాసరి కట్టినచో చిత్రములోని రేణువులు నాలుగవవంతునకు తగ్గును. మాన్యువల్ అమరికలు గల సెల్‌ఫోనును స్టాండుపై నిలిపినను ఈ పాఠములలో అధికభాగము నేర్చుకొనవచ్చును.

పగటి దృశ్యములకును సూర్యుని నడకయే ఆధారము. తిరుపతివైపున నున్న తిరుమల కొండల ఎఱ్ఱని శిలాముఖములు దక్షిణమునకు తిరిగియుండుటచేత, సూర్యుడు దక్షిణముగా నడచు అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ఉదయ సాయంకాలపు ఏటవాలు వెలుగు వానిపై పడి, పొరపొరను విడదీసి చూపును. ఏప్రిల్ చివరను, మరల ఆగస్టు మధ్యను సూర్యుడు మధ్యాహ్నమున మన నడినెత్తికి వచ్చును. ఆ నడిమి మాసములలో ఉదయాస్తమయములు ఉత్తరమునకు జరుగును గనుక, ఆ శిలలే నీడలో మునిగి చదునుగా కనబడును. ఘాట్ రోడ్డు ప్రక్కన, ప్రాచీనమైన గ్రానైటుపై అంతకన్న ఎంతో అర్వాచీనమైన క్వార్ట్‌జైట్ పొరలు పరచుకొన్న సంధిని భూగర్భశాస్త్రజ్ఞులు జాతీయ స్మారకముగా గుర్తించిరి. వెలుగు ఏటవాలుగా పడినప్పుడే ఆ పొరల గీతలు స్పష్టపడును.

ఈ సీమకు లభించు మరియొక భాగ్యము కలదు. శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనే యున్నందున, రాత్రివేళ ఎగయు రాకెట్టు వెలుగు తిరుపతి మేడలమీదికి సైతము కనబడును. 2024 డిసెంబరు 30 రాత్రి పది గంటలకు స్పేడెక్స్ ఉపగ్రహములను గొని పీఎస్ఎల్‌వీ-సి60 పైకెగసినది అట్టి వేళనే. ఇట్టి ఘట్టమునకు కెమెరాను తూర్పునకు త్రిప్పి, ఐఎస్ఓను 100కు దించి, అపెర్చరును బాగుగ మూసి, షట్టరును రెండు మూడు నిమిషములు తెరచియుంచినచో, నిప్పుబాట ఒకే వంపుగా చిత్రమున నిలుచును. ఇచ్చట రెండవ అవకాశముండదు. అందుచేత ముందుగా నాలుగు రాత్రులు అదే చోటనుండి అదే దిక్కును చిత్రించి అభ్యసించుట యుక్తము.

ఉత్సాహము వివేకమును మించరాదు. శేషాచలము అడవులలో ఎఱ్ఱచందనపు దొంగలకై నిఘా యుండును. రాత్రి టార్చిలైటుతో సంచరించువాని నెవరైనను అనుమానింతురు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో చిరుతపులి యొక పసిబాలికను పొట్టన బెట్టుకొన్న సంగతి అందరెరిగినదే. పలమనేరు, కుప్పము ప్రాంతములలో కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు రాత్రులు చేలమీద పడును. అటవీశాఖ అనుమతి లేక అడవిలోనికి పోరాదు. తిరుమలపై డ్రోనును ఎగురవేయరాదు. చంద్రగిరి రాజమహలు వంటి పురావస్తుశాఖ కట్టడములలో ట్రైపాడ్ నిలుపుటకు ముందుగా అనుమతి పొందవలెను.

తీసిన చిత్రమును పరిశీలించుట తీయుటకన్న గొప్ప సాధన. హైదరాబాదు నిజామియా నక్షత్రశాల పరిసరములలో పెరిగిన ఖగోళశాస్త్రజ్ఞుడు వైను బప్పు, 1949లో హార్వర్డులో విద్యార్థిగా నుండగా, తాను తీసిన ఫలకమును శ్రద్ధతో పరిశీలించుటవలననే కొత్త తోకచుక్కను కనుగొనెను. చిత్తూరునకు దక్షిణమున జవ్వాది కొండలలోని కావలూరు నక్షత్రశాల ఆయన కృషిఫలమే. మన చిత్రములలో తోకచుక్క దొరకకపోవచ్చును గాని, మూలలలో సాగిన తార, లెన్సుపై పేరిన మంచు, వంగిన దిగంతరేఖ తప్పక దొరకును. తిథి, గంట, దిక్కు, అమరికలు, కనబడిన లోపము ఒక పుస్తకమున వ్రాసికొని, మరుసటి మాసమున అదే చోట దానిని దిద్దవలెను. పాఠకులలో ఈ విద్యపై మక్కువ గలవారు ఇంటికి చేరువనున్న యొక్క గుట్టనో చెరువుగట్టునో ఎంచుకొని, సంవత్సరము పొడవునను దానినే చిత్రింపుడు. కొత్త లెన్సు కొనవలెనో అక్కరలేదో అటుపిమ్మట మీకే తెలియును.